కవర్లోంచి తీసి చూపించమని అడగండి

పోయిన సంచికలో పాత కామిక్స్ దాచుకోవడం గురించి ఏదో నాలుగు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలన్నీ ఇటే తిరిగాయి, అందులోనూ కన్వెన్షన్లకి, అంటే కామిక్స్ అభిమానులూ అమ్మేవాళ్లూ కలిసే జాతరలకి, వెళ్లడం గురించే ఎక్కువ. సరే, ఈసారికి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకుంటున్నా, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అన్నా, పాతికేళ్లుగా పాత కామిక్స్ పోగేస్తున్నా, ఎక్కువ సిల్వర్ ఏజ్‌వే, అంటే 1950ల చివర్నుంచి 1970 దాకా వచ్చినవి. అన్నీ పోస్టులో తెప్పించుకున్నవే తప్ప కన్వెన్షన్ మొహం చూసింది లేదు. ఫొటోల్లో చూస్తే అంతా వేషాలేసుకున్న కుర్రాళ్లు, సినిమా స్టాళ్లు, బొమ్మలు. నాలాంటోడికి అక్కడ ఏం పని? ఒకవేళ వెళ్తే ఎలా వెళ్లాలి?

జవాబు: ఆ ఫొటోలు చూసి భయపడకండి. కన్వెన్షన్లు అసలు మొదలైందే మీలాంటోళ్ల కోసం, వేషాలూ సినిమావాళ్లూ తర్వాతెప్పుడో వచ్చి చేరారు. 1964లో న్యూయార్క్‌లో ఒక్కరోజు జరిగినదానికి వచ్చినవాళ్లు గుప్పెడు మంది, వాళ్ల పనల్లా పాత సంచికలు చేతులు మార్చుకోవడం, గీసేవాళ్లతో మాట్లాడ్డం. ఇవాళ లక్షమందికి పైగా వచ్చే శాన్ డియాగో కామిక్ కాన్ కూడా 1970 ఆగస్టులో ఒక హోటల్లో ఓ మూడొందల మందితో మొదలైందే. తమాషా ఏంటంటే ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం మొదటిసారి వచ్చింది కూడా ఆ 1970లోనే, అంతకుముందు పాత కామిక్ రేటెంత అంటే అమ్మేవాడు కొనేవాడి మొహం చూసి చెప్పేదే. కాబట్టి ఆ హాల్లో పాత పుస్తకాల డబ్బాలున్న మూల చిన్నదైపోయి ఉండొచ్చు గానీ, ఇంటిపెద్ద గది అదే. లోపలికెళ్లగానే మ్యాప్ చూసి నేరుగా అక్కడికి పొండి, మిగతాదంతా కాళ్లు నొప్పెట్టాక చూడొచ్చు.

ఎలా వెళ్లాలి అంటే, జాబితాతో వెళ్లాలి. కాగితం మీద. ఫోన్లో ఉంది కదా అనుకుంటారు, ఆ జనంలో సిగ్నల్ ఉండదు, మధ్యాహ్నానికి బ్యాటరీ అయిపోతుంది, అప్పుడు మీ దగ్గర 47 ఉందా 74 ఉందా అని నిలబడి ఆలోచిస్తూంటే పక్కవాడు తీసుకుపోతాడు. జాబితాలో నంబర్ ఒక్కటే రాయకండి, మీ దగ్గర ఆల్రెడీ ఉన్నది ఏ గ్రేడ్‌లో ఉందో, అంటే కండిషన్‌కి పదికి ఎన్ని మార్కులో, కూడా రాసుకోండి. మీ దగ్గర 4.0 ఉండి అక్కడ 6.0 కనపడితే అది ఆలోచించే సంగతి, 4.5 కనపడితే డబ్బు దండగ.

మొదట ఒక రౌండ్ ఊరికే తిరిగి చూసి తర్వాత కొనమని అందరూ చెప్తారు. నేను సగమే ఒప్పుకుంటా. పేరున్న కీ ఇష్యూలు, అంటే ఏ హీరోనో మొదటిసారి కనపడినలాంటి ముఖ్యమైన సంచికల విషయంలో అయితే తిరగండి, నిదానంగా తిరగండి, ఎందుకంటే ఖరీదైనదంతా అరుదైనది కాదు. స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనపడిన 1962 నాటి అమేజింగ్ ఫాంటసీ 15 కొనాలంటే ఆస్తులమ్మాలి, కానీ పెద్ద కన్వెన్షన్లో అదే పుస్తకం మూడు నాలుగు టేబుళ్ల వెనక గోడకి వేలాడుతూ కనపడుతుంది. దానికోసం పరిగెత్తక్కర్లేదు. అసలు దొరకనివి ఏంటంటే ఎవరూ దాచుకోనివి, ఆ కాలం నాటి రొమాన్స్ కామిక్స్, వెస్టర్న్‌లు, చిన్నపిల్లల జంతువుల బొమ్మల కథలు. చదివేసి పారేసినవి. అలాంటివాటిలో మీరు పదేళ్లుగా వెతుకుతున్న సంచిక చేతికి తగిలితే మాత్రం ఇంకో రౌండ్ తిరిగొస్తా అని అక్కడ పెట్టేసి పోవద్దు, తిరిగొచ్చేసరికి ఉండదు. సిల్వర్ ఏజ్‌కి ముందు వచ్చిన గోల్డెన్ ఏజ్‌వి అయితే ఇంకా కష్టం, రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో పాత కాగితం పోగుచేసే ఉద్యమాలు నడిచాయి, కట్టలు కట్టలుగా కామిక్స్ అందులోకే వెళ్లిపోయాయి.

ఇంకో రహస్యం, ఇది తెలిసి చాలామంది డీలా పడతారు కూడా. తలుపులు తెరవకముందే, టేబుళ్లు సర్దుకునేటప్పుడే అమ్మేవాళ్లు ఒకరి డబ్బాలు ఒకరు చూసుకుని బేరాలు చేసేసుకుంటారు, పొద్దున మనం చూసే మంచి పుస్తకం రాత్రికి రాత్రి రెండు చేతులు మారి రేటు పెరిగి కూర్చుని ఉంటుంది. కోపం తెచ్చుకుని లాభం లేదు. అరుదైనదానికి మొదటి గంట, బేరానికి చివరి రోజు సాయంత్రం, ఆ టైముకి డబ్బాలు మళ్లీ మోసుకెళ్లాలన్న బెంగ వాళ్లకి మొదలవుతుంది, అయిదారు పుస్తకాలు కలిపి ఇంతకిస్తావా అంటే చాలాసార్లు ఇచ్చేస్తారు.

ప్రశ్న: సార్, నా బాధ చిన్నది. టేబుల్ దగ్గర పుస్తకం కవర్లోంచి తీసి చూడాలంటే మొహమాటం. అమ్మేవాడేమో పెద్దమనిషి, వెనక క్యూ. ప్లాస్టిక్ పైనుంచే చూసి కొనేస్తుంటా. ఇది తప్పా? తీసినా ఏం చూడాలి?

జవాబు: చిన్న బాధ కాదండీ, నా దగ్గరికొచ్చే గోడుల్లో సగం దీన్నుంచి పుట్టినవే. నాకూ జరిగింది. చాలాఏళ్ల క్రితం ఒక కన్వెన్షన్లో అట్ట నిగనిగలాడుతున్న పుస్తకం, పేరు చెప్పను, పైనుంచి చూసి డబ్బులిచ్చేసి ఇంటికొచ్చి చదువుతుంటే హీరో గోడ దూకడానికి కాలెత్తాడు, పేజీ తిప్పితే విలన్ జైల్లో ఉన్నాడు. మధ్యలో ఏం జరిగిందో నాకిప్పటికీ తెలీదు, నడిమి కాగితం మొత్తం లేదు, నాలుగు పేజీలు. అమ్మినాయనకి తెలుసో తెలీదో దేవుడికెరుక, ఆయన్ని అనడానికి కూడా లేదు, తీసి చూపించమని నేను అడగలేదుగా.

కాబట్టి అడగండి. మీరు చెయ్యి పెట్టకుండా "కొంచెం తీసి చూపిస్తారా" అనండి, కొందరు తామే తీసి తిప్పి చూపిస్తారు, కొందరు మీకే ఇస్తారు. డబ్బులు పెట్టేవాడు ఇలా అడుగుతాడని పాత పుస్తకాలు అమ్మే ప్రతివాడికీ తెలుసు, తీసి చూపించనంటే ఆ పుస్తకం అక్కడే వదిలేసి దండం పెట్టి వచ్చెయ్యండి. మీకే ఇస్తే మొదట చూడాల్సింది పుస్తకాన్ని కాదు, టేప్‌ని. కవర్ మూతకి వేసిన టేప్‌ని వెనక్కి మడిచి ఊరుకుంటే పుస్తకం జారేటప్పుడు అది అట్టకి అంటుకుని రంగు లాగేస్తుంది, అరక్షణంలో గ్రేడ్ పడిపోతుంది, పడేసింది మీరే. టేప్ పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టి, వెనకున్న బోర్డుతో సహా బయటికి తియ్యండి.

ఇక చూడ్డం. నేను అట్ట చివర చూస్తా, వెన్ను ముందు చూస్తా. పిన్నుల దగ్గర తుప్పు ఉందా, తుప్పు చుట్టూ కాగితం గోధుమరంగులోకి తిరిగిందా, పిన్ను మీద అట్ట చిరిగి వదిలేసిందా. పాతకాలం అట్టకి కొత్త మెరిసే పిన్నులుంటే ఎవరో విప్పి మళ్లీ కుట్టారన్నమాట, ఎందుకు విప్పారో ఆలోచించాలి, లోపల వేరే కాపీ నుంచి తెచ్చి పెట్టిన కాగితాలు ఉండొచ్చు. తర్వాత పేజీలు లెక్కపెట్టండి, సిగ్గుపడకుండా. సిల్వర్ ఏజ్ మామూలు సంచికకి అట్ట కాక 32 పేజీలు, అంటే మధ్యకి మడిచిన ఎనిమిది కాగితాలు. ప్రకటనల పేజీల్లో కూపన్లు పిల్లలు కత్తిరించి పంపించుకునేవాళ్లు, ఆ కన్నం వెనక పేజీలో కథని కూడా తినేస్తుంది. 1974 నుంచి కొంతకాలం స్పైడర్‌మ్యాన్ కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీవాళ్లు ఉత్తరాల పేజీల్లో వాల్యూ స్టాంపులు వేశారు, కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకోమని. పాపం పిల్లలు చెప్పినట్టే చేశారు. వుల్వరీన్ పూర్తిస్థాయిలో మొదటిసారి కనపడిన ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181 ఆ ఏడాదిదే, దాన్ని ఎక్కడ చూసినా ముందు ఉత్తరాల పేజీ తెరవమనేది అందుకే, స్టాంప్ లేకపోతే విలువ దబ్బున పడిపోతుంది.

ఆ తర్వాత రిపేర్లు. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఈ అట్టల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. నల్లటి అట్ట మీద మడత పడితే తెల్లగా గీత కనపడుతుంది, దాని మీద మార్కర్ పూసేస్తారు. పైనుంచి తెలీదు, అట్ట లోపలివైపు చూస్తే సిరా దిగి మరక కనపడుతుంది. అంచులు మరీ నున్నగా, నిన్న కోసినట్టున్నాయంటే చిరుగులు పోగొట్టడానికి కోసేసి ఉండొచ్చు, అదే కాలం నాటి ఇంకో సంచిక పక్కన పెట్టి కొలిస్తే తెలుస్తుంది. చిన్న అతినీలలోహిత (యూవీ) టార్చ్ ఉంటే ఇంకా మేలు, పాత న్యూస్‌ప్రింట్ ఆ వెలుగులో మెరవదు, కొత్త తెల్ల కాగితం అతుకు వేసుంటే తెల్లగా వెలిగిపోతుంది, కొన్ని జిగుర్లు కూడా పట్టుబడతాయి. ఒక మామూలు తెల్ల టార్చ్ కూడా పెట్టుకోండి, హాళ్లలో లైట్లు రకరకాలుగా ఉంటాయి, కొన్నిటికింద గోధుమరంగు పేజీ కూడా తెల్లగానే కనపడుతుంది.

చివరగా ముక్కు. నవ్వకండి. పాత కాగితం వాసన మనందరికీ ఇష్టమే, అది కాగితం నెమ్మదిగా చస్తున్న వాసన అయినా సరే. న్యూస్‌ప్రింట్‌లో చెక్కలోని లిగ్నిన్ అలాగే మిగిలిపోతుంది, గాలీ వెలుతురూ తగిలి అది పసుపెక్కుతుంది, ఆమ్లం పుట్టి కాగితం పెళుసవుతుంది. ఆ వాసన వేరు, బూజు వాసన వేరు. బూజు వాసనొస్తే అట్ట ఎంత బాగున్నా వద్దు, అది మీ బీరువాలో మిగతావాటికి కూడా పాకుతుంది.

ప్రశ్న: పాత కామిక్ పట్టుకోడానికి తెల్ల కాటన్ గ్లౌజులు తీసుకెళ్లాలా?

జవాబు: వద్దు. గుడ్డ వేళ్లతో పేజీ అంచు తెలీదు, తిప్పబోయి చింపుతారు. చేతులు సబ్బుతో కడుక్కుని బాగా ఆరబెట్టుకోండి, క్రీములు రాసుకోకండి. అంతే.

ప్రశ్న: సార్, మా ఆఫీసులో ఒకాయన 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, సూపర్‌మ్యాన్ కారెత్తే అట్ట, చిన్నప్పటి నుంచి తన దగ్గరుందంటున్నాడు. కన్వెన్షన్‌కి తెస్తా, నువ్వే చూసి చెప్పు అంటున్నాడు. నా గుండె ఆగుతోంది.

జవాబు: గుండె జాగ్రత్త, స్కేలు తీసుకెళ్లండి. 1974లో సూపర్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ కంపెనీవాళ్లే ఆ సంచికని పెద్ద సైజులో మళ్లీ అచ్చేశారు, బయట ఒక మందపాటి అట్ట వేసి, లోపల అసలు అట్టతో సహా యథాతథంగా. ఆ బయటి అట్ట చించేస్తే లోపలిది చూసి ఎవరైనా మోసపోతారు, యాభై ఏళ్లుగా పోతూనే ఉన్నారు. కొలిస్తే దొరికిపోతుంది, ఆ రీప్రింట్ పొడవు పదమూడు అంగుళాలు దాటుతుంది, అసలుది మామూలు కామిక్ ఎత్తే, వెడల్పు మాత్రం ఇవాల్టివాటికంటే కాస్త ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఉందన్న మాట అబద్ధం కాకపోవచ్చు, 1974లో ఆయన చిన్నవాడైతే సరిపోయింది కూడా. మెల్లగా చెప్పండి.

ప్రశ్న: అన్నా, ఒక పెద్ద ఆర్టిస్ట్ వస్తున్నాడు, ఆయన గీసిన పాత సంచిక నా దగ్గర మంచి కండిషన్లో ఉంది. సంతకం పెట్టించుకోవాలా, అలాగే ఉంచాలా?

జవాబు: అమ్మే ఉద్దేశం లేకపోతే పెట్టించుకోండి, ఆ పుస్తకం మీది, ఆ సంతోషం మీది. అమ్మే ఆలోచన ఏమాత్రం ఉన్నా కాస్త ఆగండి. పుస్తకం కండిషన్‌కి మార్కులేసి డబ్బాలో సీల్ చేసిచ్చే గ్రేడింగ్ కంపెనీలున్నాయి, వాటి లెక్కలో ఎవరూ చూడకుండా పెట్టిన సంతకం చాలాసార్లు అట్ట మీద రాసిన గీతతో సమానం. వాటిలో సీజీసీ అయితే తమ మనిషి పక్కన నిలబడి సంతకం పెడుతుంటే కళ్లారా చూస్తేనే పసుపు లేబుల్ ఇస్తుంది, లేకపోతే మామూలుగా ఆకుపచ్చ లేబుల్ వేసి అట్ట మీద పేరు రాసి ఉంది అని రాస్తుంది. మీరు తీసిన ఫొటో, వీడియో అక్కడ చెల్లవు. కాబట్టి ముందే వాళ్ల కౌంటర్ ఉందో లేదో కనుక్కుని, ఉంటే వాళ్లతో మాట్లాడుకున్నాకే లైన్లో నిలబడండి.

పెన్ను కూడా మీదే తీసుకెళ్లండి, ముదురురంగు అట్ట మీద నల్ల మార్కర్ పెడితే ఎవరికీ కనపడదు. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించండి, లేకపోతే హీరో మొహం మీదే పెట్టేస్తారు, ఆయన తప్పు కాదు, మూడొందలోది సంతకం పెడుతున్నాడు పాపం.

అన్నట్టు, చనిపోయినవాళ్ల సంతకాలు టేబుల్ మీద రెడీగా ఉంటే అనుమానించండి. మార్వెల్ హీరోలెందరినో గీసిన జాక్ కిర్బీ పోయింది 1994లో, వాళ్ల కథలు రాసిన స్టాన్ లీ 2018లో. స్టాన్ లీ బోలెడు సంతకాలు పెట్టాడు కాబట్టి నిజమైనవి ఉంటాయి, దొంగవి అంతకంటే ఎక్కువ ఉంటాయి. స్పైడర్‌మ్యాన్‌ని మొదట్లో గీసిన స్టీవ్ డిట్కో సంతకం అంటే మాత్రం ఇంకో నాలుగు ప్రశ్నలు వెయ్యండి, ఆయన దశాబ్దాల పాటు ఇంటర్వ్యూలకే ఒప్పుకోని మనిషి.

ప్రశ్న: గాజుపెట్టెలాంటి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసిన స్లాబ్ కొంటే ఈ తలనొప్పులన్నీ ఉండవు కదా? నంబర్ చూసి కొనేసుకుంటే పోలా?

జవాబు: ఖరీదైన కీ ఇష్యూ అయితే కొనండి, తప్పులేదు, రిపేర్ చేసినవి ఊదా లేబుల్‌తో బయటపడిపోతాయి, పేజీలు వాళ్లు లెక్కపెట్టి ఉంటారు. 2000లో సీజీసీ మొదలయ్యాక మోసాలు తగ్గాయి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ నాకొక దిగులుంది, పుస్తకం మళ్లీ చదవలేం. 9.2కి 9.4కి తేడా టేబుల్ మీద చెప్పగలిగినవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు, చూశామనేవాళ్లని మాత్రం చాలామందిని చూశా. స్లాబ్ కొన్నా డబ్బాని తిప్పి చూడండి, మూలల్లో పగుళ్లు, అంచుల్లో తెరిచిన గుర్తులు ఉంటే దాటెయ్యండి, డబ్బా మార్చి తక్కువరకం పుస్తకం లోపల పెట్టిన సంగతులు జరిగాయి. లేబుల్ మీద నంబర్ కంపెనీ సైట్లో కొట్టి చూడండి. ఇంకోటి, ప్రెస్సింగ్ అని వేడి, బరువు పెట్టి మడతలు సాపు చేస్తారు, దాన్ని వాళ్లు రిపేర్ కింద లెక్కెయ్యరు. మీరు లెక్కేస్తారా లేదా అన్నది మీ ఇష్టం, నేనైతే వెయ్యను, చొక్కా ఇస్త్రీ చేసినట్టే కదా.

ప్రశ్న: ముప్పై ఏళ్ల కలెక్షన్ అమ్మేద్దామని కన్వెన్షన్‌కి మూడు డబ్బాలు మోసుకెళ్లా. ఒక డీలర్ ధరల పుస్తకంలో సగం కూడా ఇస్తాననలేదు. అవమానంగా ఉంది. మోసమేనా?

జవాబు: అవమానం నిజమే, మోసం కాదు. ఆయన టేబుల్ అద్దె కట్టాలి, డబ్బాలు మోయాలి, మీ పుస్తకాల్లో పదికి రెండు ఈ ఏడాది అమ్ముడుపోతే గొప్ప, మిగతావి ఆయన గోడౌన్లో కూర్చుంటాయి. పైగా మీరు మీ పుస్తకాన్ని ప్రేమతో గ్రేడ్ చేశారు, ఆయన భూతద్దంతో చేశాడు, మీ 8.0 ఆయనకి 6.0 అయ్యుంటుంది. మొత్తం కట్టగా అమ్మకండి, అదే మీరు చేసిన పొరపాటు. పది మంచివి విడిగా తీసి వాటికి వేలమో, తెలిసిన కలెక్టరో చూసుకోండి, మిగతా మామూలువి మాత్రం డీలర్‌కి కట్టగా ఇచ్చి భుజం నొప్పి తగ్గించుకోండి. ఇంకా మంచి దారి మార్పిడి, డబ్బు బదులు ఆయన గోడ మీద పుస్తకం అడగండి, సరుకుకి సరుకు అంటే చాలామంది చెయ్యి వదులు చేస్తారు.

ప్రశ్న: అంకుల్, మా నాన్నకి డెబ్బై దాటాయి. ప్రతి కన్వెన్షన్‌కీ తీసుకెళ్లమంటారు, వెళ్లి ఇంట్లో ఉన్నవే మళ్లీ కొనుక్కొస్తారు. అడిగితే "ఇది వేరేరా, నీకు తెలీదు" అంటారు. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఒకసారి రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి చూడమ్మా, ఆయన చెప్పేది నిజమే కావచ్చు. 1976, 1977ల్లో మార్వెల్ వాళ్లు కొన్ని ఊళ్లలో రేటు పెంచి చూశారు, అదే సంచిక, అదే బొమ్మ, అట్ట మీద ధర 25 సెంట్ల బదులు 30, తర్వాత 30 బదులు 35. ఆ ఎక్కువ ధర ఉన్నవి అరుదు. నాన్నగారు అట్ట మీద ఆ చిన్న పెట్టె చూసి కొంటున్నట్టయితే నువ్వు ఆయనకి కాఫీ పెట్టిచ్చి క్షమాపణ చెప్పుకోవాలి.

అలాంటిదేం కాకపోతే ఒక పని చెయ్యి. ఆయనతో కూర్చుని ఇంట్లో ఉన్నవన్నీ రాసెయ్యి, పేరు, నంబర్, కండిషన్. ఆయన చెప్తుంటే నువ్వు రాయాలి, నాలుగైదు ఆదివారాలు పడుతుంది. పుస్తకాల మీద మాత్రం పెన్సిల్‌తో కూడా ఏమీ రాయకు. కన్వెన్షన్‌కి వెళ్లినప్పుడు ఆయనకో మడత స్టూలు పట్టుకెళ్లు, లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కో. టేబుల్ మీద డబ్బాలు ఆయన కూర్చుని చూసుకుంటారు. చవకవీ, ఎవరూ కదిలించనివీ టేబుళ్ల కింద డబ్బాల్లో ఉంటాయి, ఆ వయసులో ఆయన వంగలేరు. ఆ కింది డబ్బాలు నువ్వు చూడు, జాబితా చేతిలో పెట్టుకుని, అందులో లేనిది దొరికితే పైకెత్తి చూపించు.